పాత ఫోటోకి ఏది మేలు?

కాలేజీనాటి గ్రూపు ఫోటోలు వాట్సాప్‌లో పంచుకోవడానికి డిజిటల్ కెమెరాయా, స్కానరా? నా ఓటు స్కానర్‌కే. 4×6 అంగుళాల ఫోటోని 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. వెనక వరసలో నిలబడ్డవాణ్ణి కూడా పోల్చుకోవచ్చు. కెమెరాతో తీస్తే ట్యూబులైటు మెరుపు సరిగ్గా వాడి ముఖం మీదే పడుతుంది! స్కానర్ లేదంటారా, పేటలోనో, తాండవ దాటి తునిలోనో ఏ జిరాక్సు షాపులోనైనా అడగండి.

అయితే మన సముద్రపు తేమకి ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోలుంటాయి. వాటిని పీకకండి బాబూ! నీడపట్టున పెట్టి, ఎదురుగా నిలబడి కెమెరాతోనే తీయండి.

విడి ఫోటోలైతే తిరగేసి వెనకవైపు కూడా స్కాన్ చేయండి. పేర్లుంటే అక్కడే ఉంటాయి. అవి నోటితో చెప్పగల పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు. పంపేటప్పుడు మాత్రం డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది.