సీటు దొరికాకే మెరిట్ గుర్తొస్తుందా భాయ్?



అమెరికాలో వాషింగ్టన్ పక్కనే, వర్జీనియా రాష్ట్రంలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో థామస్ జెఫర్సన్ పేరుతో ఒక సర్కారీ హైస్కూలు ఉంది. 'టీజే' అంటారు. హెర్న్‌డన్, ఆష్‌బర్న్ వైపు స్థిరపడిన మన రిష్తేదార్లు ఫోన్ చేస్తే, ఖైరియత్ అడిగాక వచ్చేది దాని ముచ్చటే. కొన్నేళ్లుగా అందులో ఒకటే షికాయత్: "మెరిట్‌ని ఖతం చేశారు భాయ్, మన పిల్లల హక్ లాక్కున్నారు." ఈ మాట నాకు హజం కావడం లేదు. ఎందుకో చెప్తాను. కోపం వచ్చినా చివరిదాకా చదవండి.

1964లో అది మామూలు మొహల్లా స్కూలు. 1985లో దాన్ని సైన్సు, టెక్నాలజీల మాగ్నెట్ స్కూలుగా మార్చారు. అంటే చుట్టుపక్కల గల్లీల పిల్లలకే కాదు, మొత్తం ఇలాకాలోని తెలివైన పిల్లలను అయస్కాంతంలా లాగే బడి అన్నమాట. కంపెనీలు ల్యాబులకు సాయం చేశాయి. పక్క కౌంటీల పిల్లలూ బస్సుల్లో వస్తారు. నడిచేది అవామ్ కట్టే పన్నులతోనే.

అక్కడి రివాజులు నిజంగా ముచ్చటైనవి. క్లబ్బులన్నీ స్కూలు వేళల్లోనే, 'ఎనిమిదో పీరియడ్'లో నడుస్తాయి. సాయంత్రం ఆగి, అబ్బా కారులో తీసుకెళ్తేనే నేర్చుకోగలం అన్న మజ్బూరీ ఉండదు. ఆఖరి ఏడాది ప్రతి పిల్లా పిల్లాడూ సొంతంగా రీసెర్చి చెయ్యాల్సిందే. ఆ బడి పిల్లలు తయారుచేసిన చిన్న ఉపగ్రహం 2013లో అంతరిక్షంలోకి వెళ్లింది, మాషా అల్లాహ్!

లోపల ఇంత ఇన్సాఫ్ ఉన్న బడికి దర్వాజా దగ్గర మాత్రం వేరే కాయిదా నడిచింది. ఎంట్రన్సు పరీక్ష, దానికి 100 డాలర్ల ఫీజు. దానికి ముందు ఏళ్ల తరబడి కోచింగ్, ఆ ఖర్చు వేలల్లో. కొన్ని మిడిల్ స్కూళ్ల నుంచి పదులకొద్దీ పిల్లలు వెళ్లేవారు, కొన్నింటి నుంచి ఒక్కరు వెళ్లడమే గగనం. 2020లో సీటిచ్చిన 486 మందిలో గరీబు ఇళ్ల పిల్లలు ఒక్క శాతం కూడా లేరు.

ఆ ఏడాది ఆఖర్లో బోర్డు పరీక్షనూ ఫీజునూ తీసేసింది. ప్రతి మిడిల్ స్కూలు ఎనిమిదో తరగతిలో పైనున్న ఒకటిన్నర శాతం మందికి సీట్లు ఖాయం చేసింది. మరుసటి ఏడాది 550 మందికి సీట్లొస్తే వారిలో నాలుగోవంతు గరీబు పిల్లలే. "ఆసియా పిల్లలకు జుల్మ్" అన్నారు కదా, వాళ్ల వాటా 73 శాతం నుంచి 54కి దిగింది, నిజమే. ఇప్పటికీ సగానికి పైనే! ఇంకో లెక్క కూడా వినండి. 2020లో సీటొచ్చిన గరీబు ఆసియా పిల్లలు ఒక్కరంటే ఒక్కరు. మరుసటి ఏడాది 51 మంది. పోయింది ఎవరి హక్, వచ్చింది ఎవరి హక్?

బోర్డు నియ్యత్ మంచిది కాదు, ఆసియా వాళ్లను తగ్గించడానికే చేసిందని కేసు వేశారు. 2022లో కింది కోర్టు జడ్జి ఆ మాటే ఒప్పుకున్నాడు. నిర్ణయం హడావుడిగా జరిగిందని నేనూ అంటాను. కానీ 2023లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు.

జెఫర్సన్ సాబ్ సంగతీ అంతే. 1765లో ఖురాన్ తర్జుమా కొనుక్కున్నాడు. 2007లో కీత్ ఎలిసన్ కాంగ్రెసు సభ్యుడిగా ఆ ప్రతి మీదే ప్రమాణం చేస్తే మనమంతా ఖుష్ అయ్యాం. అదే జెఫర్సన్ వందల మందిని గులాములుగా పెట్టుకున్నాడు. బడి పేరులోనే ఇంత దోరంగీ ఉంది.

ఇక మన ఇంటి సంగతి. అదే 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. (సయ్యద్‌లకూ పఠాన్‌లకూ అది వర్తించదు, ఆ బహస్ ఇంకోసారి.) అప్పుడు మన మీద విసిరిన మాట ఏంటి? "మెరిట్ చచ్చిపోయింది" అనే కదా! "పాతబస్తీ గల్లీలో కిరాయి ఇంట్లో చదివినవాడినీ, కార్పొరేట్ కాలేజీలో చదివినవాడినీ ఒకే తరాజులో ఎలా తూస్తారు?" అని జవాబిచ్చింది మనమే. ఆ సీటుతో, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగు చదివి, వీసా తెచ్చుకుని వర్జీనియా చేరినవాళ్లు నా ఖాందాన్‌లోనే ఉన్నారు. వాళ్ల నోటే ఇప్పుడు ఆ మెరిట్ మాట వింటుంటే నాకు షరమ్‌గా ఉంది. ఇక్కడ మనకు ఇన్సాఫ్ అయింది, అక్కడ ట్యాక్సీ నడిపేవాడి బిడ్డకు ఖైరాత్ ఎలా అయింది?

కోచింగ్ పంపొద్దనడం లేదు. మీ కమాయి, మీ ఔలాద్. అడిగేది ఒక్కటే. మీ మస్జిద్‌లో ఆదివారం దీనీ క్లాసులయ్యాక గదులు ఖాళీగానే ఉంటాయి. టీజేకి ఎప్పుడూ ఎవరూ వెళ్లని మిడిల్ స్కూళ్లు మీ ఇలాకాలో ఏవేవో కనుక్కోండి. జుహర్ తర్వాత రెండు గంటలు ఆ పిల్లలకు లెక్కలు చెప్పండి. మన పిల్లలనూ వాళ్ల పక్కనే కూర్చోబెట్టండి.