పద్యమెవరిది? - విమర్శవ్యాసంలో ఆకరనిర్దేశం

వర్ధన్నపేట ప్రాంతపు విద్యార్థికి పోతన పరాయి కవి కాడు. ఒంటిమిట్ట వాదం ఉండనే ఉన్నది; అయినను కవి యింటిపేరులోని బమ్మెర, సోమనాథుని పాలకుర్తి ఆ పరిసరాలలోనివే. భాగవత పద్యాలు అక్కడ పుస్తకం కంటె ముందు చెవికి చేరుతాయి. ధారణ ప్రాచ్యకళాశాలల బలం. విమర్శవ్యాసానికి వచ్చేసరికి ఆ బలమే ఒక అలసత్వానికి దారి తీస్తున్నది. "పోతన ఇట్లన్నాడు" అని పద్యం వ్రాసి, క్రింద "భాగవతం" అన్న ఒక్క మాటతో సరిపెట్టడం పరిపాటి అయినది. ఏ స్కంధం? ఎన్నవ పద్యం? ఎవరి ముద్రణ?

ఈ ప్రశ్నలు లాంఛనాలని తలచేవారు అజామిళోపాఖ్యానాన్ని గుర్తు చేసుకోవాలి. అది షష్ఠస్కంధంలోనిది. ఆంధ్రీకరించినవాడు ఏర్చూరి సింగన. పంచమస్కంధం గంగనది; ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయవి. అజామిళుని కథలోని పద్యాన్ని ఎత్తి పోతన భక్తితత్త్వాన్ని, శబ్దాలంకార ప్రీతిని నిరూపించబోయిన వ్యాసం ఒక కవి సొత్తును మరొకరికి కట్టబెడుతున్నది. స్కంధసంఖ్య వేయవలసి వచ్చి ఉంటే ఆ వ్యాసకర్త అక్కడనే ఆగి ఉండేవాడు. భారతంలోనూ ఇదే చిక్కు. ఆరణ్యపర్వం చతుర్థాశ్వాసంలో 142వ పద్యం వరకు నన్నయ, ఆపైన ఎఱ్ఱన. "ఆరణ్యపర్వం" అని మాత్రమే వ్రాస్తే కర్త తేలడు.

కాటుక కన్నీరు కార్చే సరస్వతిని ఓదార్చే పద్యం సంగతి మరీ విచిత్రం. పోతన స్వాభిమానానికి ప్రమాణంగా దానిని చూపని వ్యాసం అరుదు. అది భాగవతంలో లేదు. చాటువుగా ప్రచారంలో ఉన్నది. చాటువని చెప్పి వాడుకొనడంలో దోషం లేదు. చాటువు కూడ లోకం ఒక కవిని ఎట్లు భావించినదో తెలిపే సాక్ష్యమే. భాగవతమని ఆకరం చూపితే మాత్రం అసత్యం.

ఆకరాలు చూపడం పాశ్చాత్య పరిశోధనాపద్ధతి నుండి దిగుమతి అయినదన్న అభిప్రాయం కొందరిలో ఉన్నది. కోలాచల మల్లినాథుని వ్యాఖ్యలు చదివినవారు ఆ మాట అనలేరు. మూలంలో లేనిది వ్రాయననీ, అనవసరమైనది చెప్పననీ ఆయన ముందే ప్రతిజ్ఞ చేశాడు. అర్థం చెప్పిన చోట "ఇత్యమరః" అని కోశాన్ని పేర్కొన్నాడు. రూపం సాధించిన చోట పాణినిసూత్రాన్ని చూపాడు. మెదకుసీమ వాడని ప్రసిద్ధి వహించిన ఆ మహావ్యాఖ్యాత అలవాటునే తెలుగు వ్యాసకర్త పాదసూచికలోకి తెచ్చుకోవాలి. బాలవ్యాకరణ సూత్రాన్ని ఉదాహరించేటప్పుడు పరిచ్ఛేదం పేరు, సూత్రసంఖ్య లేకుండ "చిన్నయసూరి చెప్పినట్లు" అనడం చాలదు.

వ్యాకరణశుద్ధి విషయంలో వ్యాసకర్తకు రెండు బాధ్యతలున్నవి. తన వాక్యాన్ని వ్యావహారికంలో వ్రాసినా, గ్రాంథికంలో వ్రాసినా ఒకే మార్గాన నడపాలి. కవి పద్యాన్ని మాత్రం తన కాలపు లిపికి సవరించరాదు. అరసున్న తీసివేస్తే సంవత్సరమైన "ఏఁడు" సంఖ్య అయిన "ఏడు" అవుతుంది. శకటరేఫ పోతే నదియైన "ఏఱు" ఏరుకొనడంగా మారుతుంది. పద్యాన్ని తప్పుగా ఎత్తి వ్రాసి, ఆ తప్పు రూపం మీదనే చమత్కారం నిరూపించిన వ్యాసాలు లేకపోలేదు!

మారుమూల కళాశాలలో వావిళ్ళవారి ప్రతి, సాహిత్య అకాడమి ప్రతి రెండూ దొరకవన్న ఆక్షేపణ న్యాయమైనదే. దొరికిన ప్రతి ఏదో ఆ ప్రతినే పేర్కొనవచ్చును. పాఠ్యపుస్తకమే ఆధారమైతే పాఠ్యపుస్తకమనే వ్రాయాలి. మరొకరి వ్యాసంలో చూచిన పద్యానికి మూలగ్రంథం పుటసంఖ్య వేయడం మాత్రం అధ్యాపకుడు క్షమించరానిది. మార్కులు వేసేముందు ప్రతి వ్యాసంలోనూ రెండు మూడు పద్యాలనైనా మూలంతో సరిచూచే పని అధ్యాపకునిది. గ్రంథాలయం బీరువా తాళం తీయించే పని కూడ ఆయనదే.