అయిపోయిన ఆటను మళ్ళీ ఎందుకు ఆడతారు?



సెలవులకు ఊరు వచ్చిన కుమారుడు రాత్రి పొద్దుపోయే వరకు కంప్యూటరు ముందు కూర్చుంటున్నాడని తలిదండ్రులు మాతో చెప్పడం కొత్త కాదు. అయితే ఈ మధ్య కొందరు ఇంకొక మాట కలిపి అడుగుతున్నారు. "ఆ ఆట పోయిన ఏడే అయిపోయిందన్నాడండీ. ఇప్పుడు మళ్ళీ మొదటి నుండి అదే ఆడుతున్నాడు. పాసైన పరీక్షను ఎవరైనా తిరిగి రాస్తారా?" అని. న్యాయమైన ప్రశ్నే. కోప్పడే ముందు, ఆ ఆటలో ఏముందో, దానిని తిరిగి ఆడేవాడు దేనికోసం వెళుతున్నాడో తెలుసుకోవడం మంచిదని మాకు తోచింది. గనుక ఈ నెల ఈ శీర్షికను దానికే ఇస్తున్నాం.

మాకు ఎక్కువగా వినబడిన పేరు ఫాల్‌అవుట్. అణుబాంబు ప్రేలిన తరువాత ఆకాశం నుండి రాలే విషధూళిని ఇంగ్లీషులో ఆ మాటతో పిలుస్తారు. ఈ వరుసలో మొదటి ఆట 1997లో అమెరికాలో వచ్చింది. బెతెస్డా అనే సంస్థ 2008లో మూడవ భాగాన్ని తెచ్చింది. ఆబ్సిడియన్ అనే మరొక సంస్థ 2010లో న్యూ వేగస్ అనే భాగాన్ని తయారుచేసింది. నాల్గవది 2015లో వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఇదే పేరుతో టీవీ సీరియల్ రాగానే, ఎన్నడో ఆడి ప్రక్కన పెట్టిన వారు కూడా ఆ పాత ఆటలను మళ్ళీ తీశారు.

కథ ఊహించినది. 2077 అక్టోబరు 23న దేశాలు ఒకదానిపై ఒకటి అణుబాంబులు వేసుకుంటాయి. రెండు గంటల్లో లోకం బూడిదవుతుంది. కొందరు మాత్రం వాల్ట్‌లు అనే భూగర్భ ఆశ్రయాలలో బ్రతుకుతారు. మూడవ భాగం ఆ యుద్ధం తరువాత 200 ఏళ్ళకు, 2277లో జరుగుతుంది. అట్టి ఆశ్రయంలో పెరిగిన 19 ఏళ్ళ బిడ్డ, చెప్పకుండా వెళ్ళిపోయిన తండ్రిని వెదుకుతూ పైకి వస్తాడు. పైన ఉన్నది శిథిలమైన వాషింగ్టన్ నగరం. అక్కడ నుండి ఎటు నడవాలో, ఎవరితో స్నేహం చేయాలో, ఎవరిని మోసగించాలో ఆడేవాని ఇష్టం. దారి గీసి పెట్టినవారు ఎవరూ లేరు.

ఈ మూడవ భాగాన్ని మన దేశంలో విడుదల చేయబోమని 2008 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సాంస్కృతికమైన సున్నిత విషయాలే కారణమంది గాని వివరం చెప్పలేదు. ఆటలో తిరిగే రెండు తలల పశువులకు పెట్టిన పేరు ఇక్కడివారి మనసు నొప్పిస్తుందని అలా చేశారని చాలామంది అనుకున్నారు. జపానులో విడుదల చేసినప్పుడు అణుబాంబుకు సంబంధించిన ఒక ఘట్టాన్ని మార్చారు. ఆ బాధను స్వయంగా అనుభవించిన దేశం గదా!

ఇక మన ప్రశ్నకు వద్దాం. మళ్ళీ ఎందుకు?

మొదటి కారణం తేలికైనది. ఒక్కసారి ఆడితే అంతా కనబడదు. ఆట మొదట్లో బలం, చూపు, ఓర్పు, మాట నేర్పు, తెలివి, చురుకుదనం, అదృష్టం అనే ఏడు గుణాలకు కలిపి 40 అంకెలు పంచుకోవాలి. బలానికి ఎక్కువ ఇచ్చుకున్నవాడు తుపాకితో దారి చేసుకుంటాడు. రెండవసారి తెలివికి, మాటకు ఎక్కువ ఇచ్చుకుంటే అదే తలుపు వేరే విధంగా తెరుచుకుంటుంది. న్యూ వేగస్ చివర హూవర్ ఆనకట్ట దగ్గర భయంకరుడైన ఒక సేనాధిపతి ఎదురవుతాడు. మొదటిసారి అతనితో పోరాడి గెలిచినవాడు, మాట నేర్పు బాగా పెంచుకుని తిరిగి వస్తే, కత్తి దూయకుండానే అతణ్ణి వెనుకకు మళ్ళించగలడు. ఇది తెలిసిన కుర్రవాడు మళ్ళీ మొదలుపెట్టడంలో ఆశ్చర్యం లేదు.

రెండవ కారణం లోతైనది. తీసుకోని దారి అతణ్ణి పిలుస్తూ ఉంటుంది.

మూడవ భాగంలో మెగాటన్ అనే చిన్న ఊరుంది. ప్రేలకుండా మిగిలిపోయిన అణుబాంబు చుట్టూ రేకులతో కట్టుకున్న ఊరు అది. ఊరివారిలో కొందరు ఆ బాంబునే పూజిస్తారు. ఆటగాడు దానిని ప్రేలకుండా చేస్తే, కృతజ్ఞతగా అక్కడ ఒక ఇల్లు ఇస్తారు. లేక ఒక పెద్దమనిషి చెప్పినట్టు విని దానికి మీట అమర్చి, దూరాన ఉన్న టెన్‌పెన్నీ టవర్ అనే మేడ మీద నుండి నొక్కితే, ఊరంతా క్షణంలో పోతుంది. అందుకు బహుమానం ఆ మేడలో విలాసమైన గది. తరువాత ఎప్పుడో తండ్రిని కలుసుకున్నప్పుడు, మెగాటన్‌కు ఏమైందో ఆయనకు తెలిసే ఉంటుంది. తన బిడ్డ ఇట్టి పని చేసినందుకు ఎంత నొచ్చుకున్నాడో ఆయన చెబుతాడు.

మా ఇంట యౌవనస్థుడొకడు ఈ ఆటను రెండవసారి మొదలుపెడుతూ, "ఈసారి చెడ్డవాడిగా ఆడతాను, ఏమవుతుందో చూస్తాను" అన్నాడు. దొంగతనాలు చేశాడు, అబద్ధాలాడాడు. మీట దగ్గరకు వచ్చేసరికి చేయి ఆగిపోయింది. "ఊళ్ళో అందరి పేర్లూ తెలుసు, నొక్కలేకపోయాను" అన్నాడు. ఆ ఊరు బొమ్మలని అతనికి తెలుసు. అయినా చేయి ఆగింది. కొందరు నొక్కుతారు. నొక్కి, వెంటనే పాత చోటు నుండి తిరిగి మొదలుపెడతారు. తిరిగి ఆడటంలో ఆటగాడు పరిశోధించేది ఆ పాడైన దేశాన్ని మాత్రమే కాదు, తన మనసును కూడా అని మాకు అప్పుడు అర్థమైంది.

అదే మేడ దగ్గర మరొక ఘట్టం ఉంది. రేడియేషన్ వలన ఒళ్ళు కుళ్ళినట్టయిన మనుషులు కొందరు లోపల నివసించే హక్కు అడుగుతారు. లోపలి ధనవంతులు రానివ్వరు. ఆటగాడు ఇరువైపులా నచ్చచెప్పి, రక్తం చిందకుండా వారిని లోపలికి చేర్చగలడు. మంచి పని చేశానని సంతోషంగా వెళ్ళిపోతాడు. కొంతకాలానికి తిరిగి వస్తే, పాత నివాసులు ఒక్కరూ ఉండరు. వచ్చినవారే వారిని చంపివేసి ఉంటారు. తిరిగి చూడనివానికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. సదుద్దేశంతో చేసిన పని చెడుగా ముగియవచ్చునని, ఎవరివైపు అన్యాయం జరిగిందో వారు తప్పక మంచివారై ఉండాలని లేదని ఇరవై ఏళ్ళవాడికి ఒక ఆట చెప్పడం చిన్న విషయం కాదు.

అయితే ఈ ఆట మంచిచెడ్డలను లెక్కపెట్టే పద్ధతిని గూర్చి మనం ఒక మాట చెప్పక తప్పదు. ఊరి గేటు బయట ఒక బిచ్చగాడు మంచినీళ్ళు అడుగుతాడు. ఇచ్చిన ప్రతిసారీ ఆటగాని ఖాతాలో పుణ్యం పెరుగుతుంది. దొంగిలిస్తే తరుగుతుంది. ఆటలోని ప్రార్థనా స్థలాలలో డబ్బు వేసినా పెరుగుతుంది. అనగా రాత్రి దొంగిలించినవాడు ఉదయం కానుక వేసి తూకం సరిచేసుకోవచ్చు. దొంగిలించబడినవాడి దగ్గరకు వెళ్ళవలసిన పని లేదు, క్షమాపణ అడగనక్కరలేదు. ఇది ఆటలోని లోపమే, కాని దానిని చూసి మనం నవ్వకూడదు. కానుకల పెట్టెను ఆ విధంగా వాడుకునేవారు ఆట బయట కూడా ఉన్నారు గదా!

మూడవ భాగానికి మన బైబిలుతో నిజమైన సంబంధం ఒకటి ఉంది. కథలోని తల్లి బిడ్డను కని చనిపోతుంది. ఆమెకు ఇష్టమైన వాక్యాన్ని తండ్రి పటం కట్టించి గోడకు తగిలిస్తాడు. అది ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం 6వ వచనం. దప్పిగొన్నవారికి వెల లేకుండా నీరు దొరుకుతుందనే వాగ్దానం. ఆ తలిదండ్రుల కల కూడా అదే. జెఫర్‌సన్ స్మారక మందిరంలో పెద్ద యంత్రం పెట్టి, విషమైపోయిన నదీజలాన్ని శుద్ధిచేసి అందరికీ ఉచితంగా ఇవ్వాలని. చివర ఆ యంత్రాన్ని నడిపించే రహస్య సంఖ్య 216. వాక్యం గుర్తున్నవాడికే అది తడుతుంది.

ఆ సంఖ్య నొక్కడానికి లోపలికి వెళ్ళినవారు రేడియేషన్ వలన బ్రతకరు. తాను వెళ్ళాలా, తోటి యోధురాలిని పంపాలా? ఆట అక్కడితో ముగిసేది. ఆడినవారు చాలామంది నొచ్చుకున్నారు. రేడియేషన్ అంటని స్నేహితుడు ప్రక్కనే ఉన్నా, అది నీవు చేయవలసిన పని అని అతడు తప్పుకోవడం వారికి అన్యాయంగా తోచింది. 2009 మేలో బ్రోకెన్ స్టీల్ అనే అనుబంధ కథ వచ్చింది. ఇప్పుడు ఆ స్నేహితుణ్ణి పంపవచ్చు. తానే వెళ్ళినా, రెండు వారాల తరువాత మంచం మీద మెలకువ వస్తుంది. ఆట సాగుతుంది. ఆడేవారికి ఇది సంతోషమే. కాని ముందు ప్రాణం పెట్టిన చోట ఇప్పుడు రెండు వారాల నిద్ర మాత్రమే ఖర్చు. త్యాగానికి బరువు ఎక్కడ నుండి వస్తుందో మీ పిల్లలతో మాట్లాడాలంటే, ఇంతకంటె మంచి అవకాశం మాకు కనబడలేదు.

అనుబంధ కథలు అంటే మూల కథ అయిపోయాక విడిగా అమ్మే చిన్న కథలు. మూడవ భాగానికి 2009లో అయిదు వచ్చాయి. వాటిలో ద పిట్ అనేది పిట్స్‌బర్గ్ నగరపు శిథిలాలలో జరుగుతుంది. అక్కడ బానిసలు ఉన్నారు. యజమాని దగ్గర ఉన్న ఒక మందును ఎత్తుకొస్తే విడుదల అని చెప్పి ఆటగాణ్ణి పంపుతారు. తీరా వెళితే ఆ మందు ఒక పసిబిడ్డ. ఆ యజమాని కూతురే. తొట్టి దగ్గర నిలబడి ఏం చేయాలి? బానిసల విడుదల కొరకు బిడ్డను తలిదండ్రుల నుండి ఎత్తుకుపోవాలా? బిడ్డను విడిచి బానిసత్వాన్ని సాగనివ్వాలా? రెండుసార్లు ఆడి రెండూ చేసి చూసినా చేతులు శుభ్రంగా ఉండవు.

న్యూ వేగస్‌కు 2010 డిసెంబరు నుండి 2011 సెప్టెంబరు లోపల నాలుగు కథలు వచ్చాయి. మొదటిది డెడ్ మనీ. పాడుబడిన జూదశాల నేలమాళిగలో 37 బంగారు కడ్డీలు ఉన్నాయి. ఒక్కొక్కటి 35 బరువు. నడిమి బలం గలవాడు మొత్తం 200 మాత్రమే మోయగలడు. అంటే అయిదు కడ్డీలు, అంతే. ఆ పైన ఎత్తుకుంటే పరుగెత్తలేడు. తప్పించుకోవాలంటే పరుగెత్తాలి. దొరకడం కష్టం కాదు, వదలడమే కష్టమని కథ అంతా చెబుతూ వస్తుంది. వింత ఏమిటంటే, ఆరితేరినవారు 37 కడ్డీలూ మోసుకుపోయే ఉపాయాలు కనిపెట్టి, అందుకోసమే ఆ కథను తిరిగి ఆడుతుంటారు. పాఠం అదే, విద్యార్థులూ వారే!

రెండవది హానెస్ట్ హార్ట్స్. జాషువా గ్రాహం అనే అతడు ఒకప్పుడు మిషనెరీ. తరువాత క్రూరమైన సైన్యానికి నాయకుడయ్యాడు. ఓడిపోగా వారే అతణ్ణి కాల్చి లోయలో పడద్రోశారు. బ్రతికి ఇంటికి వస్తే అతని వారు అతణ్ణి చేర్చుకున్నారు. ఇప్పుడు తన ప్రజలను కాపాడటానికి మళ్ళీ తుపాకి పట్టాడు. చివర శత్రువు మోకాళ్ళపై పడినప్పుడు, అతణ్ణి చంపనివ్వాలో, కనికరించమని గ్రాహమును ఒప్పించాలో ఆటగాని మాట మీద ఉంటుంది. పగను ఆపే మాట ఏదో వెదకడానికి మళ్ళీ ఆడినవాడి సమయం పూర్తిగా వృథా అయిందని మేము అనలేం.

ఇంత చెప్పాక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇవి చిన్నపిల్లల ఆటలు కావు. అమెరికాలో వీటికి 17 ఏళ్ళు, ఐరోపాలో 18 ఏళ్ళు నిండినవారికి అనే ముద్ర ఉంది. రక్తపాతం, మత్తుమందులు, బూతులు ఉన్నాయి. ఇంట్లో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే వారి ఎదుట ఆడనివ్వకండి. ఒక్కొక్క ఆట పదుల గంటలు తీసుకుంటుంది. తిరిగి ఆడితే అన్ని గంటలూ మళ్ళీ పోతాయి. నిద్ర, చదువు, పొలం పని, ఇంటి భోజనం, వీటికి గంటలు కేటాయించిన తరువాతనే ఆటకు గంట.

మరొక సంగతి. ఆటలో మీట నొక్కే ముందు దాచిపెట్టుకున్న చోటు ఉంటుంది. తప్పయితే అక్కడికి వెనుదిరగవచ్చు. తండ్రితో అన్న మాటకు, చెల్లెలి పెళ్ళికి దాచిన డబ్బుకు, స్నేహితునికి చేసిన ద్రోహానికి అట్టి చోటు లేదు. అక్కడ వెనుకకు వెళ్ళే దారి ఒకటే. ఆ మనిషి ఎదుట నిలబడి తప్పు ఒప్పుకోవడం. ఈ తేడా బిడ్డలకు తెలియదని కాదు. రోజూ ఎన్నోసార్లు వెనుదిరిగే అలవాటు పడ్డవాడికి అప్పుడప్పుడు గుర్తుచేయవలసి ఉంటుంది.

గుర్తుచేయడానికి కేకలు వేయనవసరం లేదు. ఒక సాయంత్రం ప్రక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. "ఎన్ని గంటలాడావు?" అని తరువాత అడుగుదురు గాని, ముందు ఇది అడగండి: "అబ్బాయ్, మెగాటన్‌ను ఏం చేశావు? రెండవసారి ఏం చేశావు? ఎందుకు మార్చావు?" అమ్మాయి ఆడుతుంటే ఆమెనూ అడగండి. వారు చెప్పే జవాబులో మీ బిడ్డ మనస్సాక్షి ఎక్కడ నిలబడి ఉన్నదో మీకు కనబడుతుంది. అది ఏ మార్కుల పట్టీలోనూ దొరికేది కాదు.