జిల్లేడు మిడత వేరు, దండు మిడత వేరు

వానలు బాగా పడిన ఆగస్టు నెలలో శంషాబాద్ చుట్టుపక్కల ఎర్ర చెలకల గట్ల మీద నడిచి చూడండి. పచ్చగడ్డిలో అడుగు వేస్తే పచ్చ మిడతలు చిందుతాయి. నాలుగడుగులు ఇవతల, గడ్డి లేని గరుకు నేల మీద మట్టిరంగు పొట్టి మిడత ఉంటుంది. అది కదిలేదాకా మన కంటికి ఆనదు. గడ్డి ఎండేనాటికి పచ్చనివి తగ్గి, గోధుమరంగువి ఎక్కువగా కనబడతాయి.

ఇవన్నీ వేరు వేరు జాతులేనా? కొన్ని అంతే. కాని ఒకే జాతిలో కూడా పచ్చనివి, గోధుమరంగువి రెండూ ఉంటాయి. పసుపు, నీలం రంగు పదార్థాలు కలిసి మిడతకు పచ్చదనం ఇస్తాయి. తేమ, మేత, నేల రంగు, ఎండ వేడిమి మారితే, పిల్ల మిడత కుబుసం విడిచేటప్పుడు కొత్త రంగుతో బయటికి రావచ్చు. ఆఫ్రికాలో గడ్డి తగలబడిన చోట కొన్ని జాతుల మిడతలు కొద్ది రోజుల్లోనే నల్లబడటం శాస్త్రజ్ఞులు చూశారు. పిట్ట కంటబడకుండా ఉండటానికే ఇదంతా.

సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న ఈ మెట్టలో రాతి బోడు, పచ్చిక, చెలక పక్కపక్కనే ఉండేవి కనుక ఇన్ని రంగులకు చోటు దొరికింది. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైంది. చుట్టూ భూములు ప్లాట్లయ్యాయి. విమానాశ్రయాల్లో గడ్డిని అదుపులో ఉంచుతారు. పురుగు పెరిగితే పిట్టలు చేరతాయి, పిట్టలు విమానాలకు ప్రమాదం. మిడతకు అక్కడ మర్యాద లేదు!

ఇక రంగు చూసి భయపడే సంగతి. జిల్లేడు చెట్టు మీద పసుపు, నీలం పట్టీలతో గుంపుగా కూర్చునే మిడతను మీరందరూ చూసే ఉంటారు. ఇది దాక్కోదు. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో చేరుతుంది కనుక, ఆ రంగు పిట్టలకు హెచ్చరిక. పట్టుకుంటే ద్రవం చిమ్ముతుంది. పిల్లలు పట్టుకున్న చేతితో కన్ను నలుపుకోకుండా చూడండి.

2020 మే నెలలో ఎడారి మిడతల దండు మహారాష్ట్రలోని విదర్భ దాకా వచ్చింది. తెలంగాణ సరిహద్దు జిల్లాలను ప్రభుత్వం అప్రమత్తం చేసింది. ఆ రోజుల్లోనే మన తెలుగువారు చాలామంది ఉండే తమిళనాడులోని కృష్ణగిరి ప్రాంతంలో మిడతల గుంపులు కనబడి ఊళ్లు కలవరపడ్డాయి. తీరా పరిశీలిస్తే అవి జిల్లేడు మిడతలే.

నిర్గమకాండములో ఎనిమిదవ తెగులుగా మనం చదివేది దండు మిడతల సంగతి. దాని రంగుల కథ ఇంకా విచిత్రం. ఒంటరిగా పెరిగితే పిల్ల మిడత పచ్చగా, పెద్దది మట్టిరంగులో ఉండి ఎవరి జోలికీ పోదు. కిక్కిరిసి పెరిగితే పిల్లలు పసుపు మీద నల్ల మచ్చలతో వస్తాయి. రెక్కలు రాగానే గులాబి రంగు, ఈడు వచ్చాక పసుపు. వలస మిడతల్లో రెండు జాతులనుకున్నవి నిజానికి ఒకటేనని 1921లో బోరిస్ ఉవరోవ్ అనే శాస్త్రవేత్త చెప్పేవరకు ఈ గుట్టు తెలియలేదు.

కనుక పురుగుమందు డబ్బా తీసే ముందు గుర్తుపట్టండి. నీలం పట్టీలుండి, జిల్లేడు మీద మందకొడిగా కూర్చుంటే అది దండు కాదు. గులాబి లేక పసుపు రంగులో, పగలు ఆకాశాన గుంపుగా ఎగిరి సాయంత్రానికి చెట్ల మీద వాలితే వెంటనే వ్యవసాయ అధికారికి చెప్పాలి. జిల్లేడు మిడత కూడా మేత చాలకపోతే కూరగాయ మొక్కల మీదికి రావచ్చు. అది మట్టిలో గుడ్లు పెడుతుంది. వేసవి దుక్కి లోతుగా దున్నితే ఆ గుడ్లు పైకి తేలి ఎండకు మాడతాయి, మిగిలినవి గోరింకలు ఏరుకుంటాయి.