ఇన్‌హేలరు మందు ఎక్కడ ఆగుతోంది?

ఇన్‌హేలరు పీలుస్తున్నా ఆయాసం తగ్గడం లేదా? మందు మార్చమని అడిగేముందు మీరు పీల్చే తీరు చూసుకోండి.

సి.టి. స్కాన్‌లో కనిపించే శ్వాసనాళాల నమూనాను కంప్యూటరులో కట్టి, గాలితోపాటు మందు రేణువులు ఎటు పోతాయో శాస్త్రజ్ఞులు లెక్క కడుతున్నారు. గాలి గొంతు దగ్గర మలుపు తిరుగుతుంది. బరువైన రేణువు తిరగలేక గోడకు కొట్టుకొని అక్కడే అంటుకుపోతుంది. సన్నని గొట్టాలదాకా వెళ్లేవి ఎక్కువగా 1 నుంచి 5 మైక్రాన్ల రేణువులే. విసురుగా పీలిస్తే వాటిలోనూ కొన్ని గొంతులోనే చిక్కుతాయి.

అందుచేత స్ప్రే రకమైతే నొక్కుతూనే నెమ్మదిగా, లోతుగా పీల్చి, 10 సెకన్లు ఊపిరి బిగబట్టండి. నలుగురిలో సిగ్గుపడి హడావుడిగా పీల్చేవారున్నారు, సిగ్గెందుకు? పొడిమందు రకానికి మాత్రం మొదటినుంచే బలంగా పీల్చాలి. స్టిరాయిడ్ అయితే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మివేయండి. మాట పెగలనంత ఆయాసం వస్తే ఆలస్యం చేయక ఆస్పత్రికి రండి.