సరిహద్దు కవిత్వంలో హమాలీ ఏడీ?

సరిహద్దు మీద కవిత్వానికి మనకు కొదవ లేదు. ముళ్లకంచె, జెండా, నెత్తురు, మంచుకొండ - ఈ నాలుగు మాటల్నీ అటూ ఇటూ మార్చి పేరిస్తే వొక ఖండిక తయారవుతుంది. శాంతిని కోరే మనవాళ్లూ ఆ సామగ్రితోనే పని గడుపుకుంటున్నారు. కాకపోతే కంచె మీద వొక పావురాన్ని వాలుస్తారు. నా అభియోగం ఈ ఇద్దరి మీదా.

క్రిందటి యేడు మా తరగతిలో మంటో కథ 'టోబా టేక్ సింగ్' చర్చకు వచ్చింది. వాఘా దగ్గర, ఏ దేశానికీ చెందని నేల మీద బిషన్ సింగ్ కూలిపోయే ఘట్టాన్ని గూర్చి నేను ఆవేశంగా మాట్లాడుతున్నాను. వెనకబెంచీ కుర్రవాడొకడు లేచి, "మరి ఆ గీత మీదుగా సరుకెలా పోతుంది మాస్టారూ?" అన్నాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. వాడి తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ అని తర్వాత తెలిసి సిగ్గుపడ్డాను.

సరుకెలా పోయేదో చెప్పనివ్వండి. గీతకు ఇటు అట్టారీ, అటు వాఘా. 2007 దాకా అక్కడ లారీ గీత దాటడానికి వీల్లేదు. మన హమాలీ బస్తాను నెత్తిన మోసుకుపోయి గీత దగ్గర ఆగేవాడు. అటునుంచి వచ్చిన హమాలీ నెత్తి మీదికి దాన్ని మార్చేవాడు. బస్తా దేశం దాటవచ్చు, మోసినవాడు దాటరాదు. ఎవడు ఏ దేశపువాడో చొక్కా రంగును బట్టి పోల్చుకోవాలి. ఇంతకంటే బరువైన ప్రతీక ఏ కవికి కావాలి? ఐనా ఎవరికీ కనబడలేదు.

ఆ యేడు అక్టోబరులో లారీలు దాటసాగాయి. 2012 ఏప్రిల్‌లో అట్టారీలో గోదాములతో, కాటాలతో కొత్త చెక్‌పోస్టు వెలిసింది. పాకిస్తాన్ లారీ లోపలికొచ్చి, తూకం వేయించుకుని, జిప్సమో సిమెంటో ఎండు ఖర్జూరమో దింపించుకుని వెనక్కి పోయేది. దింపే వీపులు మాత్రం పాతవే. 1,400 మందికి పైగా హమాలీలు ఆ దారి మీద బతికారు.

2019 ఫిబ్రవరిలో, పుల్వామా దాడి తర్వాత, పాకిస్తాన్ సరుకు మీద మన ప్రభుత్వం 200 శాతం సుంకం వేసింది. ఆగస్టులో వాళ్లు వ్యాపారమే ఆపేశారు. ఆఫ్గన్ ఎండుపళ్లు మిగిలాయి. 2025 ఏప్రిల్‌లో పహల్గాం హత్యాకాండ తర్వాత చెక్‌పోస్టే మూసేశారు. మే నెలలో ఆఫ్గన్ లారీలు కొన్నింటిని ప్రత్యేకంగా రానిచ్చారు.

"2019 జూన్‌లో ఉప్పు బస్తాల్లో 532 కిలోల హెరాయిన్ వచ్చింది ఆ దారినే కదా?" అని వొక పెద్దమనిషి అడ్డు తగులుతాడు. వచ్చింది. పట్టుకున్నదీ ఆ చెక్‌పోస్టులోనే, కస్టమ్స్ వాళ్లే. దొంగ దొరికాడు కాబట్టి ఠాణా మూసెయ్యమన్నట్టుంది ఈ తర్కం! హంతకుల్ని శిక్షించవలసిందే. ఆ శిక్షలో హమాలీ వంతుకు ఎంత వచ్చిందో లెక్కగట్టిన రచయిత ఎవరని నేనడుగుతున్నాను.

అక్కడే 1959 నుంచి సాయంత్రం పూట జెండాలు దించే తంతు నడుస్తున్నది. 2025 మేలో కొద్దిరోజులు ప్రేక్షకుల్ని ఆపి, ఆ నెలలోనే మళ్లీ రానిచ్చారు - గేట్లు తెరవకుండా, సైనికులు చేతులు కలపకుండా. చూసేవాడి విషయంలో చూపిన తొందర మోసేవాడి విషయంలో లేకపోయింది. మన కవులు కూర్చున్నది ఆ గ్యాలరీలోనే. ఈలవేసేవాడొకడు, కన్నీరు కార్చేవాడొకడు. ఇద్దరి చూపూ గేటు మీదే.

ఆ కుర్రవాడి చేతిలో పెట్టడానికి తెలుగులో వొక్క కథ నాకు దొరకలేదు. ఉందని ఎవరైనా చూపిస్తే ఈ వ్యాసంలో సగం వెనక్కి తీసుకుంటాను.