ఉలవలు ఎద్దుకు, కట్టు మనిషికి

జాతర దినాల్లో గద్వాల చుట్టుపక్కల రోడ్ల మీద కాసేపు నిలబడి చూడండి. పందెపు ఎద్దులు నడిచి రావడం లేదు. కాళ్ళ కింద మెత్తగా గడ్డి, తల మీద ఎండ తగలకుండా పట్టా, డీసీఎం బండ్లలో దిగుతున్నాయి. జమ్మిచేడు జమ్ములమ్మ జాతరకు పోయినా, మల్దకల్ తిమ్మప్ప ఉత్సవానికి పోయినా, అయిజ తిక్కవీరేశ్వరస్వామి దగ్గరకు పోయినా బండలాగుడు పోటీ లేకుంటే జనానికి జాతర చూసినట్టే వుండదు. పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని పండ్లను బట్టి విభాగాలు చేస్తారు. ఇచ్చిన నిమిషాల్లో రాతిదూలాన్ని ఏ జత ఎక్కువ అడుగుల దూరం లాగితే దానిదే మొదటి బహుమతి. మైకులో యజమాని పేరు, ఊరి పేరు, ఆయన తండ్రి పేరు కూడా వినిపిస్తుంది. ఎద్దు మెడలో పూలదండ, యజమాని మెడలో శాలువా పడతాయి.

ఆ ఎద్దును ఏడాది పొడుగునా మేపినవాడు పగ్గం పట్టుకుని పక్కనే నిలబడి వుంటాడు. వాడి పేరు మైకులో రాదు.

ఎద్దుకు కండ ఎట్లా పడుతుంది, దానికి ఖర్చయ్యేది ఏమిటి, ఆ కండ ఫలం ఎవరి ఇంటికి పోతున్నది అనే మూడు సంగతులు ఈసారి మాట్లాడుకుందాం. ఎద్దు మీద మనకు కోపం లేదు. వ్యవసాయ కూలికి ఎద్దు శత్రువు కాదు. ఇద్దరిదీ ఒకటే కష్టం.

కండ బాదంపప్పులో లేదు

పందెపు ఎద్దు మేత గురించి ఊళ్ళలో కథలు కథలుగా చెప్పుకుంటారు. బాదం పెడతారట, పిస్తా పెడతారట, నెయ్యి తాపుతారట, పాలలో గుడ్లు కొట్టి పోస్తారట. పెట్టేవాళ్ళు నిజంగానే వున్నారు. పెట్టడం కంటే పెట్టామని చెప్పుకోవడంలోనే గొప్ప ఎక్కువ.

అసలు సంగతి వేరు. ఎద్దు నెమరువేసే జంతువు. దాని కడుపులో నాలుగు అరలు. అన్నిటికంటే పెద్దదైన మొదటి అరలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోట్ల కొద్దీ బతుకుతాయి. మనిషి కొరకలేని జొన్నచొప్పను, వరిగడ్డిని అరిగించి ఎద్దుకు బలంగా మార్చేది అవే. ఎద్దును మేపడమంటే ముందు ఆ జీవులను మేపడం. ఖరీదైన గుడ్లూ పాలూ పోసినా వాటిలోని మాంసకృత్తుల్లో చాలా భాగాన్ని ఆ జీవులే విరగ్గొట్టి వాడుకుంటాయి. అవే మాంసకృత్తులు వేరుశనగ చెక్కలో, పత్తిగింజల చెక్కలో, ఉలవల్లో చౌకగా దొరుకుతాయి. నెయ్యీ నూనే ఎక్కువైతే ఆ జీవులే దెబ్బతిని, తిన్న చొప్ప కూడా అరగకుండా పోతుంది.

గుర్రం సంగతి కొంచెం తేడా. దానికి ఒకటే కడుపు. గడ్డిని అరిగించే పని వెనక పెద్దపేగుల్లో జరుగుతుంది. హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తే గుర్రాలకు ఓట్సు పెడతారు. మన ఉలవలను ఇంగ్లీషువాళ్ళు గుర్రపు గింజ అనే పిలిచారు. గుర్రమైనా ఎద్దైనా సూత్రం ఒకటే. కడుపుకు గాసం ఆధారం, గింజ దాని మీద అదనం. గాసం తగ్గించి గింజ పెంచితే బలం రాదు, రోగం వస్తుంది. రేపు పోటీ అనగా ఈరోజు దాణా రెట్టింపు చేస్తే ఎద్దు కడుపులో పులుపు పెరిగి, మేత మాని, నెమరు ఆగి, పొట్ట ఉబ్బి, కాళ్ళు నిలవక కూలబడుతుంది. సమయానికి డాక్టరు రాకుంటే చచ్చిపోతుంది కూడా. గుర్రానికైతే భరించలేని కడుపునొప్పి, గిట్టల్లో వాపు.

తెలిసిన జీతగాడు చేసే పని చూడండి. ఆరు వందల కిలోల ఎద్దుకు రోజుకు తేమ తీసేసిన లెక్కన పన్నెండు నుంచి పదిహేను కిలోల మేత కావాలి. అందులో సగానికి మించి చొప్ప, గడ్డి. ఉలవలు నానబెట్టి ఉడకబెట్టి, చెక్క కలిపి, పిడికెడు ఉప్పు వేసి రెండు పూటలా పంచి పెడతాడు. కొత్త దాణా మొదలుపెడితే పది పదిహేను రోజులు కొంచెం కొంచెంగా పెంచుతాడు. పేడ చూసి అరిగిందో లేదో చెప్తాడు. నెమరు వేస్తున్నదా లేదా అని రాత్రి లేచి చూస్తాడు.

తిండి ఒక్కటే కండ కాదు. పని లేకుండా తిన్న ఎద్దుకు కొవ్వు పడుతుంది, గంగడోలు బరువెక్కుతుంది, నాలుగడుగులు లాగగానే రొప్పుతుంది. మెల్లగా బరువు పెంచుతూ లాగించి, మధ్యలో విశ్రాంతి ఇచ్చి, కాళ్ళు కడిగి, ఒళ్ళు రుద్దితేనే తిన్నది కండగా మారుతుంది. కండలో దాణా ఎంత వుందో జీతగాడి చెమట అంతే వుంది. ఆ విద్య ఏ పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. తండ్రి జీతంలో వున్న కొట్టంలోనే కొడుకు నేర్చుకున్నది.

నడిగడ్డలో ఇంకో హెచ్చరిక కూడా చెప్పాలి. ఇది విత్తన పత్తి పండే సీమ. మందు పూసి రంగు వేసిన విత్తనాలు మిగిలాయనో, పాతబడ్డాయనో దాణాలో కలపవద్దు. అది విషం. రంగు పూయని పత్తిగింజలు కూడా మితంగానే పెట్టాలి.

ఆరు కిలోల లెక్క

ఇప్పుడు కాగితం మీద చిన్న లెక్క వేద్దాం. ఒక్కో ఎద్దుకు రోజుకు మూడు కిలోల ఉలవలనుకుంటే జతకు ఆరు కిలోలు. ఏడాదికి దాదాపు ఇరవై రెండు క్వింటాళ్ళు. వాన మీద ఆధారపడిన చెలకలో ఎకరాకు మూడు క్వింటాళ్ళ ఉలవలు పండితే అదే గొప్ప. అంటే ఒక్క జత గింజ కోసమే ఏడెకరాల పంట. చొప్ప, చెక్క, డాక్టరు, మందులు, బండి కిరాయి ఇందులో కలపలేదు.

తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు వచ్చే బియ్యం కూడా సరిగ్గా ఆరు కిలోలే. ఎద్దుల జతకు ఒక పగలు, కూలి మనిషికి ఒక నెల. ఆ రేషన్‌లో పప్పు లేదు. ఎద్దుకు కండ పడాలంటే మాంసకృత్తులు కావాలని యజమానికి తెలుసు. కూలివాడి కండకు ఏం కావాలో మాత్రం ఎవరూ లెక్క వేయరు. నడిగడ్డ నుంచి, మొత్తం పాలమూరు నుంచి దేశమంతా తిరిగి కాలువలు తవ్వి, ఆనకట్టలకు మట్టి మోసిన కండలు అవి.

మన ఇళ్ళలో ఉలవచారు ఎట్లా పుట్టిందో పెద్దవాళ్ళను అడగండి. ఎద్దుల కోసం ఉలవలు పెద్ద గుండిగలో ఉడకబెట్టేవాళ్ళు. ఉడికిన గింజ ఎద్దు తొట్టిలోకి పోయేది. మిగిలిన నీళ్ళు, అంటే కట్టు, జీతగాడి పెళ్ళాం ముంతలో పట్టుకుపోయి చింతపండు పిసికి, రెండు మిరపకాయలు వేసి కాచుకునేది. గింజ ఎద్దుకు, కట్టు మనిషికి. ఆ చారే ఇప్పుడు హైదరాబాదు హోటళ్ళలో బిర్యానీ పక్కన ప్రత్యేక వంటకం పేరుతో ఖరీదుకు అమ్ముతున్నారు. చారు ధర పెరిగింది. దాన్ని కనిపెట్టిన ఇల్లాలి కూలి ఆ లెక్కన పెరగలేదు.

మేపేవాడి జీతం

మల్దకల్ వైపు ఒక కొట్టంలో జీతగాడితో మాట్లాడాను. ఊరూ పేరూ రాయను, రాస్తే అతని పని పోతుంది. పొద్దున నాలుగింటికి లేస్తాడు. పేడ ఎత్తి, కడిగి, చొప్ప నరికి, దాణా వుడకేసి, ఎద్దులను తోలుకుపోయి లాగించి, కడిగి, మళ్ళీ మేత వేసేసరికి రాత్రి తొమ్మిది అవుతుంది. పడక కొట్టంలోనే. ఉగాదికి ఏడాది జీతం మాట్లాడుకున్నాడు. కూతురి పెళ్ళికని ముందే కొంత తీసుకున్నాడు. అది తీరేదాకా వేరే చోటికి పోలేడు.

“ఎద్దుకు నలత చేస్తే ఒక్క ఫోన్ చేస్తాను సారూ, గంటలో డాక్టరు కారులో దిగుతాడు. నాకు జరమొస్తే మా ఆడమనిషికి చెప్పుకుంటా” అన్నాడు. ఆ మాటలో ఏడుపు లేదు, నవ్వుతూనే అన్నాడు. కిందటేడు కొమ్ము తగిలి పక్కటెముక విరిగిందట. నెల రోజులు పని చేయలేదని ఆ నెల జీతం కోసుకున్నారట. అదే ఏడు ఆ జతకు మొదటి బహుమతి వచ్చింది. అతనికి ఒక పంచె, ఒక పూట మాంసం భోజనం దక్కాయి.

అప్పు కోసం మనిషిని పనికి కట్టేయడం నేరమని 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో చట్టం వచ్చాయి. అప్పటి నుంచి దాన్ని జీతమని కాకుండా అడ్వాన్సు అని పిలుస్తున్నారు. పేరు మారింది, పగ్గం మారలేదు.

కాపాడుతున్నది ఎవరు?

పోటీల వల్లనే ఒంగోలు జాతి బతికి వుందని యజమానులు అంటారు. ఈ మాటలో కొంత నిజం వుంది. ట్రాక్టరు వచ్చాక దుక్కికి ఎద్దు అవసరం తగ్గింది. 2019 పశుగణనలో దేశవాళీ ఆవులు, ఎద్దుల సంఖ్య 2012 కంటే ఆరు శాతం తగ్గినట్టు తేలింది. మంచి గిత్తకు ధర పలికేది ఇప్పుడు పందెం బరిలోనే. ఆ ధర కోసమైనా కొందరు దూడను దూడగా చూస్తున్నారు.

అయితే ఈ జాతిని తయారుచేసింది పందెగాళ్ళు కాదు. నల్లరేగడిలో బరువైన నాగలి లాగడానికి తరతరాల రైతులు ఏరి ఏరి పెంచిన పశువు అది. అదే రక్తం సముద్రం దాటి బ్రెజిల్‌లో నెలోర్ అనే పేరుతో ఆ దేశపు మాంసం వ్యాపారానికి వెన్నెముక అయింది. అక్కడి పెద్ద పశుక్షేత్రాల వాళ్ళు కోట్లు గడించారు. పెంచిన మన రైతుకు మిగిలింది ఆ పేరు ఒక్కటే. ఇక్కడ కూడా అదే జరుగుతున్నది. రెండెకరాల రైతు కొట్టం ఖాళీ అయింది. ఊరి బంచరాయి ఆక్రమణల పాలయింది. జొన్న పోయి పత్తి వచ్చాక చొప్ప కొనాల్సిన సరుకైంది. ఎద్దు కాడి నుంచి బయటపడి కొద్దిమంది డాబు కోసం కట్టేసిన బొమ్మ అయింది. జాతి నిలవాలంటే వంద ఊళ్ళలో వెయ్యి కొట్టాల్లో ఆవులుండాలి. నాలుగు కొట్టాల్లో నాలుగు జతలు బాదంపప్పు తింటే చాలదు.

మరో వైపు, పోటీలన్నీ ఒక్క దెబ్బకు ఆపేయాలని పట్నం నుంచి కొందరంటారు. 2014 మే నెలలో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిషేధించింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు మార్చుకున్నాయి. 2023 మే నెలలో అదే కోర్టు వాటిని ఒప్పుకుంది. మూగజీవిని ములుకర్రతో పొడిచి, తోక మెలిపెట్టి లాగించడాన్ని మనం సమర్థించం. 1960 నాటి చట్టం ప్రకారం కొట్టడం, మోయలేని బరువు మోయించడం, హాని చేసే మందు ఎక్కించడం నేరాలే. కానీ ఎద్దు నొప్పి గురించి మాట్లాడేవాళ్ళు ఆ ఎద్దు పక్కన నిలబడ్డ మనిషి నొప్పి గురించి కూడా ఒక మాట అనాలి కదా! ఆ మాట అనరు. యజమాని అనడు, పట్నం పెద్దమనిషి అనడు. అనాల్సింది మన సంఘాలే.

అడగవలసినవి

జాతరకు ముందే ఊరి కూలీ సంఘం కమిటీ పోటీ నిర్వహించేవాళ్ళ దగ్గరికి పోవాలి. మేపే మనిషికి బహుమతిలో వాటా వుండాలని, అది అక్కడే, జనం ముందు, అతని చేతికే ఇవ్వాలని అడగాలి. యజమాని పేరుతో పాటు అతని పేరు మైకులో చదవాలి. ఇది చిన్న కోరిక అనుకోవద్దు. పదివేల మంది ముందు పేరు వినిపించిన మనిషి మరుసటి రోజు జీతం గురించి గొంతెత్తి మాట్లాడగలడు.

జీతం కాగితం మీద రాయించుకోవాలి. అడ్వాన్సు పేరుతో మనిషిని పట్టి వుంచకూడదు. ఎద్దుకు బీమా చేయించే యజమాని ఎద్దు పక్కన పడుకునేవాడికి కూడా బీమా చేయించాలి. కొమ్ము దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు, పని లేని రోజుల జీతం యజమానే పెట్టుకోవాలి. బరిలో పశువైద్యుడు లేకుండా పోటీ మొదలుపెట్టకూడదు. గుర్రపు పందేల్లో మందు పరీక్షలున్నాయి, ఇక్కడ ఎందుకు వుండకూడదు?

చిన్న రైతు కోసం ఇంకో రెండు మాటలు. బంచరాయి భూములు తేల్చి గాసానికి వదలాలి. దుక్కి దున్నే సాధారణ ఎద్దులకు కూడా జాతరలో ఒక విభాగం పెట్టి బహుమతి ఇవ్వాలి. ఇక రేషన్ దుకాణంలో బియ్యంతో పాటు పప్పు ఇవ్వాలనే పాత కోరికను మళ్ళీ గట్టిగా వినిపించాలి.

వచ్చే జాతరలో బండ కదిలినప్పుడు ఈలలు వేయండి, చప్పట్లు కొట్టండి. ఎద్దు కష్టపడి లాగింది, దానికి ఆ గౌరవం దక్కాలి. తర్వాత మైకు దగ్గరికి పోయి ఒక్క ప్రశ్న అడగండి. “ఈ ఎద్దును మేపిందెవరు?” జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలవద్దు.